తులసి వదినా, కాశీ చెంబూ

మా వదిన తులసిది ఆకివీడు. వాళ్ళ నాన్నది కిరాణా కొట్టు. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. ఉప్పు, కిరసనాయిలు, చింతపండు, బెల్లం దోనెలో వేసుకుని కొల్లేటి లంకల్లో ఉన్న ఊళ్ళకి తీసుకెళ్ళి అమ్మేవాడాయన. చిన్నప్పుడు వదిన కూడా ఆ దోనెలో కూచుని వెళ్ళేదట. అందుకేనేమో తనకి నీళ్ళంటే భయం లేదు, మనుషులంటేనే భయం. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి కాపరానికి వచ్చిన కొత్తలో మా అమ్మ కేకేస్తే "వస్తున్నానండీ" అన్న మాట ముందొచ్చేది, మనిషి ఆ తర్వాత వచ్చేది.

నేను ఆ ఇంటి ఆడపడుచుని. పేరు అమ్మాజీ. నన్ను ఏలూరులో ఇచ్చారు. నోటి దురుసు మనిషినని మా వాళ్ళంతా అంటారు, కాదనను. మా ఇంట్లో నేనూ మా అమ్మ రత్నాంబా మాట్లాడుతుంటే మూడో మనిషికి సందు దొరికేది కాదు. వదిన ఆ సందు కోసం ఎన్నడూ చూడలేదు. మా అన్నయ్య శేషగిరిరావు కూడా మాటకారి కాదు. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయారనుకునేవాళ్ళం.

మా నాన్నగారు సుబ్బయ్యకి గూడెంలో బియ్యం వ్యాపారం. పంతొమ్మిది వందల ముప్పయ్యో సంవత్సరం కార్తీకంలో ఆయనా అమ్మా కాశీ వెళ్ళొచ్చారు. కాశీ వెళ్ళిన వాళ్ళు గంగని రాగి చెంబుల్లో పట్టి, మూతల చుట్టూ సీసం పోయించి తెచ్చుకుంటారు. ఇంటికొచ్చాక సంతర్పణ చేసి చిన్న చెంబులన్నీ విప్పి బంధువులకి తలా ఉద్ధరిణెడు పోస్తారు. ఒక్క చెంబు మాత్రం విప్పరు. దాన్ని రామేశ్వరం తీసుకెళ్ళి అక్కడి స్వామికి అభిషేకం చేయించాలి. అప్పటిదాకా కాశీ యాత్ర సగమే. నాన్నగారు ఆ చెంబుని దేవుడి గూట్లో పెట్టి, మళ్ళీ మాఘానికి రామేశ్వరం అనుకున్నారు. కొట్టు పనులు ఏనాడు తెమిలాయి గనక? ఆ మాఘం వెళ్ళింది, పై మాఘమూ వెళ్ళింది.

ఈలోగా వదినకి కొడుకు పుట్టాడు. కాశీ వెళ్ళొచ్చాక పుట్టాడని ఈశ్వరప్రసాద్ అని పేరు పెట్టారు. అందరం ప్రసాదు అనేవాళ్ళం. వాడు పుట్టాక వదిన నోరు కాస్త విప్పింది. మాతో కాదు, వాడితో. పెరట్లో వాడికి నీళ్ళు పోస్తూ ఎన్ని కబుర్లు చెప్పేదో! కొల్లేటి పిట్టల కూతలన్నీ కూసి వినిపించేది. తనకి అన్ని కూతలు వచ్చని అన్నయ్యకే తెలియదు.

ముప్పై రెండు వేసవిలో నాన్నగారికి గుండె నొప్పి వచ్చి మూడు రోజులు మంచంలో ఉన్నారు. ఇక లాభం లేదని తెలిసి అమ్మ ఏడుస్తూ ఆ చెంబు తీసుకొచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"అది స్వామివారిది. నాకు గోదారి నీళ్ళు చాలు. నువ్వు దాన్ని ఎలాగైనా రామేశ్వరం చేర్చు" అన్నారు.

ఆయన నోట్లో గోదావరి నీళ్ళే పోశాం. ఆ తర్వాత ఆ చెంబుకి మా ఇంట్లో మనుషుల కంటే ఎక్కువ మర్యాద జరిగింది. అమ్మ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. శుక్రవారం శుక్రవారం చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేది. ఆయన చివరిగా అడిగింది అదొక్కటే కదా మరి.

ముప్పై నాలుగు జ్యేష్ఠంలో ప్రసాదుకి జ్వరం తగిలింది. వాడికప్పుడు మూడేళ్ళు నిండబోతున్నాయి. పదకొండు రోజులు జ్వరం దిగలేదు. పన్నెండో రోజు పొద్దున్న ఏలూరు నుంచి పెద్ద డాక్టరుని తీసుకురావడానికి అన్నయ్య వెళ్ళాడు. ఇంట్లో అమ్మా వదినా ఉన్నారు. మధ్యాహ్నానికి పిల్లవాడి ఊపిరి తేడాగా వస్తోంది.

"అత్తయ్యగారూ, వీడికి ఒక్క చుక్క గంగ పోద్దామండీ" అంది వదిన.

"గంగ పొయ్యడానికి వాడికేమొచ్చిందే! నోరు ముయ్యి. పాడు మాటలూ నువ్వూను!" అని అమ్మ కసిరింది.

మా అమ్మ రాతి మనిషి కాదు. నోట్లో గంగ పొయ్యడమంటే పిల్లవాడు ఇక దక్కడని ఒప్పుకోవడం. అది ఆవిడ వల్ల కాలేదు. అంతే. డాక్టరు గారు రైలు దిగారేమో చూసొస్తానంటూ ఆ ఎండలో చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషను దారి పట్టింది. డాక్టరు గారితో అన్నయ్యా, వాళ్ళ వెనకే అమ్మా ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు లేడు.

ఆ మధ్యలో గదిలో ఏం జరిగిందో మాకు మూడేళ్ళ దాకా తెలియలేదు. చదివేవాళ్ళకి తికమక లేకుండా ఇక్కడే చెప్పేస్తాను. వదిన పీట ఎక్కి గూట్లోంచి చెంబు దించింది. అడకత్తెరతో సీసాన్ని పెకలించింది. అది ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు ఒక్కసారిగా వచ్చింది. చెంబు చెయ్యి జారి నీళ్ళన్నీ పక్క మీద పోయాయి. అడుగున గుక్కెడు మిగిలితే ఉద్ధరిణితో కొడుకు నోట్లో పోసింది. వీధి తలుపు చప్పుడు విని చెంబునీ మూతనీ బియ్యం గోలెంలో దాచేసింది. ఆ ఏడుపుల్లో తడిసిన పక్క ఎవరికీ పట్టలేదు.

మైల కాబట్టి ఆ రోజుల్లో దేవుడి గూటి తలుపు ఎవరూ తియ్యలేదు. అది కలిసొచ్చింది. మా కొట్లో బియ్యం చెరగడానికి వచ్చే రూతమ్మని వదిన పెరట్లోకి పిలిచింది. కాలవ నీళ్ళ బిందెలోంచి చెంబు నింపి, దాని చేతికిచ్చి, మూత చుట్టూ సీసంతో మాటు వేయించుకు రమ్మంది. రూతమ్మ కిరస్తానీ మనిషి. ఆ రోజుల్లో మా ఇంట్లో పెరడు దాటి లోపలికి వచ్చేది కాదు. దాని చెయ్యి తగిలిన చెంబు దేవుడి గూట్లోకి వచ్చిందని తెలిస్తే అమ్మ ఇల్లు ఇల్లంతా కడిగించేది. రూతమ్మ ఏమీ అడగలేదు. తవుడు బుట్టలో పెట్టుకుని వెళ్ళి, మాట్లు వేసే వాడి చేత మూత బిగింపించి తెచ్చింది.

"మీరు తల్లండీ. మీకు తోచింది చేశారు. నా నోట్లోంచి రాదు లెండి" అందట.

ఆ తర్వాత మూడేళ్ళూ మా పుట్టింటికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు వచ్చేవి కావు. ప్రసాదు పేరు ఎవరూ ఎత్తరు. వాడి చొక్కాలు ఏ పెట్టెలో ఉన్నాయో ఎవరూ అడగరు. వదినకి మళ్ళీ కడుపు పండలేదు. దేవుడి నీళ్ళు దొంగిలించినందుకే ఈ శిక్ష అని తను అనుకుంటోందని మాకు తెలియదు. మేం చేతకాని వాళ్ళలాగా మందులు ఇప్పించాం.

అమ్మది ఇంకో తీరు. ఊళ్ళో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా సరే, పిలవకపోయినా సరే, చిన్న చెంబుతో గోదావరి నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోయేది. దగ్గర కూచుని ఉద్ధరిణితో పోసి వచ్చేది. 'ఈవిడ గుమ్మంలోకి వచ్చిందంటే ఇక అయిపోయినట్టే' అని జనం గొణుక్కునేవారు. నాకు ఒళ్ళు మండి ఒకసారి అడిగేశాను. "నీకెందుకమ్మా ఈ చావు తిరుగుళ్ళు?"

"ఊళ్ళోవాళ్ళ నోట్లో పోస్తున్నానే. ఇంట్లో గంగ పెట్టుకుని నా మనవడి నోట్లో చుక్క పడనివ్వలేదు. అది అడిగింది కూడా. నోరు ముయ్యమన్నాను" అంది.

ఆ మాట అంటున్నప్పుడు వదిన వంటింటి గడపలో నిలబడి ఉంది. వినే ఉంటుంది. ఒక్క మాట చెబితే అమ్మ బాధ తీరును. చెబితే మామగారి మాట మంటగలిపిన కోడలవుతుంది. ఆ గడపలోంచి అటూ రాలేదు, ఇటూ పోలేదు.

ముప్పై ఏడు మాఘంలో రామేశ్వరం వెళ్ళి తీరాలని అమ్మ పట్టు పట్టింది. ఓపిక తగ్గిపోతోంది, ఆ చెంబు స్వామికి అప్పజెప్పకుండా పోతే మీ నాన్నకి మొహం ఎలా చూపించను అని గొడవ. అన్నయ్య సరేనన్నాడు.

"నేను ఇల్లు చూసుకుంటానండీ, మీరు వెళ్ళి రండి" అంది వదిన.

"ఇల్లెక్కడికీ పారిపోదు. పిల్లల కోసం నీచేత నాగప్రతిష్ఠ చేయించాలని కూడానే ఈ వెళ్ళడం" అంది అమ్మ.

నేను కూడా బయలుదేరాను. పుణ్యానికని చెప్పడానికి నాకు సిగ్గేస్తుంది. నేను వెళ్ళింది సముద్రం చూడడానికి. రైలు వంతెన సముద్రం మీద నుంచి వెళుతుందని మా ఆయన పేపర్లో చదివి చెప్పినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. పుట్టాక ఏలూరూ గూడెమూ తప్ప చూసిందేముంది!

రైల్లో మా సామాను చూసి జనం నవ్వారు. బియ్యం మూట, పప్పు మూట, ఊరగాయ జాడీ, పొయ్యి మీద పెట్టే గిన్నెలు, నాలుగు పరుపు చుట్టలు. అరవ దేశంలో అన్నీ పుల్లగా ఉంటాయని అమ్మకి ఎవరో చెప్పారు. చెంబు మాత్రం మూటల్లో లేదు. పసుపు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పడుకుంటే నడుముకి కట్టుకునేది. దొడ్డికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు మాత్రం, తను మైలపడుతుందని, చెంబు వదిన చేతికిచ్చి వెళ్ళేది. వదిన దాన్ని సెగ మీది గిన్నెలాగా పట్టుకునేది. ఏం వదినా, బరువుగా ఉందా అని నేను వేళాకోళం చేశాను కూడా.

మద్రాసులో దిగి, జట్కాలో ఎగ్మూరు చేరి, బోట్ మెయిల్ రైలు ఎక్కాం. మర్నాడు పాంబన్ వంతెన వచ్చింది. రైలు నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తే కింద పట్టాలూ లేవు, నేలా లేదు. నీళ్ళు! నేను గట్టిగా కేక పెట్టి అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను. పక్కనున్న అరవావిడ నవ్వి నాకు అరటిపండు ఇచ్చింది. వదిన మాత్రం కిటికీకి తల ఆనించి కళ్ళార్పకుండా చూస్తోంది. చాలా రోజుల తర్వాత తన మొహంలో నవ్వు చూశాను.

"కొల్లేరు ఇలాగే ఉంటుంది అమ్మాజీ. కాకపోతే దానికి అవతలి ఒడ్డు ఉంటుంది" అంది.

రామేశ్వరంలో సత్రంలో దిగాం. మాకు కుదిరిన పురోహితుడికి తెలుగు వచ్చు. ఆ తెలుగులో సగం మహారాష్ట్రం, సగం అరవం. అయినా పనులన్నీ చక్కగా చేయించాడు. మొదటి రోజు ఇరవై రెండు బావుల స్నానం. గుళ్ళోనే ఒక్కో బావి దగ్గరికీ తిప్పుతారు. బావి గట్టు మీద నిలబడ్డ మనిషి బొక్కెనతో నీళ్ళు తోడి మన నెత్తిన గుమ్మరిస్తాడు. ఏడో బావి దగ్గరికి వచ్చేసరికి అమ్మ పళ్ళు టకటకలాడుతున్నాయి. వద్దులే అమ్మా అంటే నన్ను కరిచినంత పని చేసింది. ఒక్కో బావి నీళ్ళు ఒక్కో రుచి. ఒకటి ఉప్పన, ఒకటి తియ్యన. సముద్రం పక్కన తియ్యటి నీళ్ళెలా వచ్చాయని నేను పురోహితుణ్ణి అడిగితే, అదే కదమ్మా మహిమ అన్నాడు. ఆ మండపాల వరసల్లో నడుస్తుంటే ఇవతల చివర నుంచి అవతల చివర నిలబడ్డ మనిషి వేలెడంత కనిపించాడు. నాకు నడిచినంతసేపూ నోరు పడిపోయింది. అది చిన్న విషయం కాదు.

రెండో రోజు ధనుష్కోటి. రెండు సముద్రాలు కలిసే చోటు. ఒకటి కదలకుండా పడుకున్నట్టుంటుంది, రెండోది విరుచుకుపడుతూ ఉంటుంది. అన్నయ్యా వదినా కొంగులు ముడి వేసుకుని మునిగారు. పురోహితుడు సంకల్పంలో సత్సంతాన ప్రాప్త్యర్థం అని చెప్పించాడు. అన్నయ్య అన్నాడు. వదిన పెదవులు కదల్లేదు. నేను ఒడ్డున కూచుని గవ్వలు ఏరుకుంటున్నాను. కొంగు నిండా ఏరాను.

మూడో రోజు సాయంత్రం గంధమాదనం అనే దిబ్బ చూడడానికి ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళాం. ఇసకలో దారి. పైన రెండంతస్తుల మండపం, అందులో రాములవారి పాదాలు. అక్కడి నుంచి చూస్తే దీవి అంతా కనిపిస్తుంది. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొబ్బరి చెట్లు, గుడి గోపురాలు. బండివాడికి మంచినీళ్ళు కావాలంటే అన్నయ్య కిందకి వెళ్ళాడు. అమ్మ స్తంభానికి ఆనుకుని, చెంబు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. మర్నాడు పొద్దున్నే అభిషేకం. నేను పిట్టగోడ దగ్గర నిలబడి పడవలు లెక్కపెడుతున్నాను.

వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. "అత్తయ్యగారూ, రేపు ఆ చెంబు గుళ్ళో ఇవ్వకండి."

"ఏమే?"

"అందులో గంగ లేదండి. మన కాలవ నీళ్ళు. నేనే మూత తీశానండి. ప్రసాదు పోయిన రోజున."

ఒక్కొక్కటీ చెప్పింది. పీట, అడకత్తెర, బియ్యం గోలెం, రూతమ్మ. తల ఎత్తలేదు, ఏడవలేదు. మూడేళ్ళుగా లోపల అప్పజెప్పుకుంటున్నట్టుంది, ఎక్కడా తడుముకోలేదు.

అమ్మ నోరు తెరిచే లోపు నేను తెరిచాను. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "ప్రాణం పోతూ కూడా నాన్నగారు ముట్టని నీళ్ళు కదా అవి! ఆయన మాట మట్టిలో కలిపేశావు. పైగా ఇంత దూరం మా అందరి చేతా మోయించావు. నువ్వు మనిషివేనా వదినా!" అన్నాను. తను నావైపు చూసి తలూపింది. నిజమే అన్నట్టు.

అమ్మ నన్ను పట్టించుకోలేదు. వదిన వైపే చూస్తోంది.

"వాడి నోట్లో పోశావా?" అంది.

"పోశానండి."

"మింగాడా?"

వదిన ఆవిడ మొహంలోకి చూసింది. కాసేపు చూసింది. "మింగాడండి. రెండు చుక్కలు మింగాడు. మూడోది పక్కకి కారిపోయింది" అంది.

మా అమ్మ ఏడవడం నేను అదివరకు చూశాను. నాన్నగారు పోయినప్పుడు చూశాను, ప్రసాదు పోయినప్పుడు చూశాను. ఇది అలాంటిది కాదు. చెంబు పక్కన పడేసి, వదిన భుజాల మీదా వీపు మీదా రెండు చేతులతో బాదింది. "మూడేళ్ళే! మూడేళ్ళు నాకు చెప్పకుండా ఎలా ఉన్నావే! నేను చంపుకున్నాననుకున్నానే! చుక్క నీళ్ళు లేకుండా పంపించాననుకున్నానే!" అని అరుస్తూ బాది, అదే చేతులతో తనని దగ్గరికి లాక్కుంది. చెంబు దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. ఇందాక అన్న మాటలన్నీ నన్నే కొట్టినట్టయి, నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు అమ్మ పురోహితుడికి ఉన్నదున్నట్టు చెప్పింది. "దానికేం అమ్మా, ఇక్కడ గంగ దొరుకుతుంది. సీలు వేసిన చెంబులే" అన్నాడతను. అన్నయ్య అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దురా. మీ నాన్న మోసుకొచ్చిన నీళ్ళు పొయ్యాలి స్వామికి. అవి అయిపోయాయి. ఆయనకి నేను సమాధానం చెప్పుకుంటాను" అంది అమ్మ.

అందరూ చెంబులు పట్టుకుని వరసలో నిలబడితే మా అమ్మ వట్టి చేతులతో నిలబడింది. దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. మీకు ఇది గొప్పగా అనిపించవచ్చు. ఆవిడకి అలా ఏమీ లేదు. తన భర్త కాశీ ఫలం పోయిందనే ఆవిడ నిజంగా నమ్మింది. మండపంలో ఒక స్తంభం పక్కన కూచుని చాలాసేపు కళ్ళు తుడుచుకుంది. కాలవ నీళ్ళు సత్రం పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో పోసేశాం. నాగప్రతిష్ఠ కూడా చేయించాం. ఫలితం రాలేదు, ఆ సంగతి కూడా చెప్పేస్తున్నాను.

తిరుగు ప్రయాణంలో రైలు పాంబన్ దాటకముందే అమ్మ మొదలుపెట్టింది. "తులసీ, వాడు మింగినప్పుడు గొంతు కదిలిందా?"

"కదిలిందండి."

"కళ్ళు తెరిచాడా?"

"కొంచెం తెరిచాడండి."

"నిన్ను చూశాడా?"

"చూశాడండి."

మద్రాసు వచ్చేలోపు ఎన్నిసార్లు అడిగిందో! ఎన్నిసార్లు అడిగినా వదిన విసుక్కోకుండా చెప్పింది. మెల్లగా వాడి ఇతర కబుర్లు కూడా వచ్చాయి. అన్నయ్య చెప్పుల్లో కాళ్ళు పెట్టి కొట్లోకి వెళ్ళడం, తవుడు కుప్పలో దొర్లి తెల్లగా తయారై రావడం. అన్నయ్య కూడా ఒకటి రెండు అందించాడు. మూడేళ్ళ తర్వాత మా మధ్య ప్రసాదు పేరు వినిపించింది. నాకు సంతోషంతో కళ్ళనీళ్ళు ఆగలేదు. యాత్ర ఫలం ఇదేననుకున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ పెరటి అరుగు మీద రూతమ్మని ఎదురుగా కూచోబెట్టుకుని దాన్ని కూడా అడిగింది. "నాకేం తెలుసండీ, నేను చెంబు చూశానంతే. తులసమ్మ గారు చెప్పిందే నిజమండి" అంది రూతమ్మ. ఆ పూట నుంచి అమ్మ చెంబు పట్టుకుని ఊరి మీద పడడం మానేసింది. పిలిస్తేనే వెళ్ళేది. రోజూ దీపాలు పెట్టే వేళకి వదినని పక్కన కూచోబెట్టుకుని, మళ్ళీ చెప్పవే అనేది. గొంతు కదలడం, కళ్ళు తెరవడం, వదిన వైపు చూడడం. ఆ తర్వాత నిశ్చింతగా నాలుగు మెతుకులు తినేది. రెండున్నరేళ్ళు అలా గడిచింది.

ముప్పై తొమ్మిది భాద్రపదంలో అమ్మ పోయింది. పెద్ద జబ్బేమీ కాదు, దీపం తగ్గినట్టు తగ్గిపోయింది. ఆఖరున వదినే ఒళ్ళో తల పెట్టుకుని గోదావరి నీళ్ళు పోసింది. అమ్మ మింగింది. మేమందరం చూశాం.

పన్నెండో రోజు పొద్దున్న పెరట్లో నేనూ వదినా విస్తళ్ళు కడిగి ఆరబెడుతున్నాం. ఊరుకోలేక నేనే అన్నాను. "అమ్మ కూడా మన ప్రసాదు లాగే రెండు చుక్కలు మింగి వెళ్ళింది వదినా."

వదిన చేతిలో విస్తరి బోర్లించి పెట్టింది. "ప్రసాదు మింగలేదు అమ్మాజీ" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ సీసం ఎంతకీ రాలేదు. అది వచ్చేసరికే వాడు అయిపోయాడు. తెలుస్తూనే ఉంది నాకు. అయినా పోశాను. పోసింది పోసినట్టే బయటికి వచ్చేసింది."

"మరి అమ్మకి..."

"అత్తయ్యగారు అడిగారు కదా. నేనేం చెప్పను?"

ఒక్కసారి చెప్పి ఊరుకున్న అబద్ధం కాదది. రోజూ దీపాలు పెట్టే వేళకి, చచ్చిపోయిన కొడుకు గొంతు కదిలిందనీ, కళ్ళు తెరిచాడనీ, తన వైపు చూశాడనీ, ఆ ముసలావిడ నాలుగు మెతుకులు తినడం కోసం రెండున్నరేళ్ళు చెప్పింది. నేను పండగలకి వచ్చినప్పుడల్లా పక్కన కూచుని విని మురిసిపోయాను.

"చెప్పగా చెప్పగా ఒక్కోసారి నాకూ నిజమేననిపించేది. చూశాడేమోలే అనుకునేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు" అంది వదిన.

నేను అడగాల్సింది. వాడు నిన్ను చూశాడా వదినా, అని ఒక్కసారి అడిగితే ఏం పోయింది? ఆ మాట నాకు తోచనేలేదు. అక్కర్లేని చోటల్లా ఇంత పొడుగు సాగే నోరు, కావలసినప్పుడు పెగల్లేదు. లోపల్నుంచి విస్తళ్ళు తెమ్మని అన్నయ్య పిలిచాడు. "వస్తున్నానండీ" అని వదిన తీసుకుని వెళ్ళిపోయింది. భోజనాలు అయ్యాక నేను ఏలూరు బండి ఎక్కేశాను.